రాజా దీన్ దయాళ్ ఛాయాచిత్రాలు: వెలుగు ఎంపిక – సామాజిక చరిత్ర

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలాన్ని గురించి తెలుగులో వెలువడిన గ్రంథాలలో, ప్రత్యేక సంచికలలో ఛాయాచిత్రాలకు కొదవ లేదు. దర్బారులు, మహళ్ళు, వేటలు, సైనిక విన్యాసాలు, పట్టు షేర్వాణీలు తొడిగిన అమీరులు మనకు పరిచయమైన దృశ్యాలే. వాటిలో అనేకం రాజా దీన్ దయాళ్ స్టూడియో నుంచి వచ్చినవి. ఒక శాసనం దొరికితే వేయించినవారెవరు, దానం పుచ్చుకున్నవారెవరు, సందర్భమేమిటి అని పరిశీలిస్తాము. తాళపత్ర ప్రతి దొరికితే లేఖకుడెవరు, ఎవరి కోసం రాశాడు అని విచారిస్తాము. ఛాయాచిత్రం దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్నలన్నీ పక్కకు తొలగి, "అప్పటి హైదరాబాదు ఇట్లా ఉండేది" అన్న ఒక్క వాక్యంతో తృప్తి పడుతున్నాము.

ఛాయాచిత్రం కూడా ఎవరో అడిగితే, ఎవరో రుసుము చెల్లిస్తే, ఒక ప్రయోజనం కోసం తయారైన పత్రమే. అందులో వెలుగు ఎటునుంచి వచ్చింది, ఎవరి మీద ఎంత పడింది అన్నవి కేవలం సాంకేతిక విషయాలు కావు. చిత్రం తీయించుకున్నవారి స్థానం, వారు చూపదలచినది, దాచదలచినది కూడా ఆ ఎంపికను నిర్ణయించాయి. దీన్ దయాళ్ వేరువేరు పోషకుల కోసం చేసిన పనులను ఈ దృష్టితో పరిశీలించి, ఆ చిత్రాలను తెలుగు ప్రాంత సామాజిక చరిత్రకు ఆకరాలుగా ఎట్లా చదవవచ్చునో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వృత్తి జీవితం – పోషకుల వైవిధ్యం

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందోరులో ప్రభుత్వ నిర్మాణ శాఖలో అంచనాలు వేసే ఉద్యోగిగా, నక్షాలు గీసే లేఖకుడిగా చేరాడు. ఛాయాచిత్రణాన్ని ఆయన ఉద్యోగంలో ఉండగానే అభ్యసించాడు. ఇందోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1885లో వైస్రాయ్ ఛాయాచిత్రకారుడిగా నియమితుడైనాడు. అదే దశాబ్దంలో నిజాం ఆస్థానంలో ప్రవేశించి సికింద్రాబాదులో స్టూడియో స్థాపించాడు. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో తెరిచాడు. 1905లో మరణించాడు.

ఒకే సంస్థకు ఇంతమంది భిన్నమైన పోషకులు ఉండడం గమనించదగినది. వైస్రాయ్ కార్యాలయం, నిజాం, పైగా వంశీయులు, సికింద్రాబాదు దండులోని తెల్ల అధికారులు, వారి కుటుంబాలు, రైలులో వచ్చే యాత్రికులు, చిత్రం తీయించుకొనే స్తోమత గల పట్టణ గృహస్థులు అందరూ ఆయన దగ్గరికి వచ్చారు. ఒకరికి రాజ్యపు ఘనత కావాలి, ఒకరికి స్వదేశంలోని బంధువులకు పంపే జ్ఞాపిక కావాలి, మరొకరికి ప్రభుత్వ నివేదికకు రుజువు కావాలి. చిత్రాల మీద దీన్ దయాళ్ పేరు ఒక్కటే కనిపించినా, ఆ పేరు వెనుక కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్, జీతానికి పనిచేసిన చిత్రకారులు, ముద్రణకారులు, గాజు పలకల మీద దిద్దుబాట్లు చేసే పనివారు ఉన్నారు. కాబట్టి ఈ వ్యాసంలో దీన్ దయాళ్ అన్న పేరును వ్యక్తికీ సంస్థకూ కలిపి వాడుతున్నాను.

నిజాం ఆయనకు 1894లో "రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్" బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మ గీసేవాడు, చిత్రకారుడు. కొత్త వృత్తికి ఆస్థానం కొత్త మాట వెతకలేదు. కుంచెతో రాజుల రూపాలు చిత్రించినవాని పాత పేరునే కెమెరా పట్టినవానికి ఇచ్చింది. ఆస్థానం దృష్టిలో అతడు చేయవలసిన పని కూడా పాత పనే. పోషకుణ్ణి అతని హోదాకు తగినట్టు చూపాలి.

వెలుగుకున్న హద్దులు

దీన్ దయాళ్ ఈ వృత్తిలో అడుగుపెట్టే నాటికి, 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి ప్రచారంలో ఉండేది. గాజు పలక మీద కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే రసాయనాలతో రూపం తేల్చాలి. మన ఎండలలో ఆ తడి నిలిచే వ్యవధి మరీ తక్కువ. చిత్రకారుడు వెళ్ళిన ప్రతి చోటికీ చీకటి గుడారం వెంట వెళ్ళవలసిందే. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ సూచించిన జెలటిన్ పొడి పలకలు ఆ దశాబ్దం చివరికి అంగళ్ళలో దొరకసాగాయి. వాటితో పలకను ముందే సిద్ధం చేసుకొని, తీసిన తరవాత తీరికగా రూపం తేల్చే వీలు కలిగింది. ఆరుబయట ఎండలో క్షణంలో కొంత భాగం చాలేటంత వేగం కూడా వచ్చింది. దీన్ దయాళ్ వృత్తి జీవితం ఈ మార్పుకు రెండు వైపులా విస్తరించి ఉంది.

రెండు పద్ధతులకూ ఒక సమాన లక్షణం ఉంది. ఆ రసాయనం ప్రధానంగా నీలి కాంతికి స్పందిస్తుంది. ఎరుపు, పసుపు, గోధుమ వన్నెలు దానికి బాగా కనబడవు. ఆకాశం తెల్లగా పాలిపోతుంది, ఎర్రని వస్త్రం నల్లబడుతుంది. 1873లో హెర్మన్ ఫోగెల్ రంగు ద్రవ్యాలతో పలకల స్పందనను ఆకుపచ్చ వైపు విస్తరింపజేసే మార్గం కనుగొన్నా, ఎరుపు లోటు చాలాకాలం తీరలేదు.

ఈ లక్షణాన్ని మన ప్రాంత శరీరచ్ఛాయలతో కలిపి ఆలోచించాలి. చామనఛాయ గల ముఖం ఆ పలక మీద కంటికి కనిపించేదానికన్నా నల్లగా పడుతుంది. పక్కనే ఉన్న తెల్లని తలపాగా, అంగరఖా సూక్ష్మ రేఖలు పోగొట్టుకొని తెల్లని మచ్చగా మిగులుతాయి. ముఖం కోసం వెలుగు పెంచితే బట్ట పోతుంది. బట్ట కోసం తగ్గిస్తే ముఖం పోతుంది. తెల్లబట్ట కట్టిన నల్లని మనిషిని సరిగా చిత్రించాలంటే వెలుగును మెత్తబరచాలి, నీడ వైపు తెల్లని తెరతో వెలుగును తిప్పికొట్టాలి, తరవాత నెగటివ్ మీద చేతితో దిద్దాలి. ఈ శ్రమకు కాలం, గది, ఖర్చు కావాలి. అంటే ముఖం ముఖంగా కనబడడం చిత్రం తీయించుకొనేవారి ఆర్థికస్థితి మీద కూడా ఆధారపడి ఉండేది.

తెలుగులో ఈ కళకు స్థిరపడిన పేరు ఈ సందర్భంలో అర్థవంతమైనది. పాశ్చాత్యులు దీనికి "వెలుగుతో రాత" అన్న అర్థం గల గ్రీకు పదాలతో పేరు పెట్టారు. మనం ఛాయాచిత్రం అన్నాము. ఛాయ అంటే నీడ, కాంతి, ప్రతిబింబం, ఒంటి రంగు. సూర్యుని తేజస్సు భరించలేక సంజ్ఞాదేవి తన స్థానంలో నిలిపి వెళ్ళిన ప్రతిరూపానికి కూడా పురాణం ఛాయ అనే పేరు పెట్టింది. నీడనూ ఒంటి రంగునూ ఒకే మాట చెప్పే భాషలో, ఎవరి ఛాయ ఈ పలకల మీద ఎట్లా పడిందన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది.

కట్టడాలు: ఏటవాలు వెలుగు

మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ లెపెల్ గ్రిఫిన్‌తో 1882–83లో దీన్ దయాళ్ పర్యటించి ప్రాచీన కట్టడాలను చిత్రించాడు. గ్వాలియర్, ఖజురహో, సాంచి మొదలైన స్థలాల చిత్రాలు 1886లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. శిల్పాన్ని చిత్రించేవానికి నడినెత్తి ఎండ పనికిరాదు. ఎదుటినుంచి పడే ఎండలో చెక్కడపు లోతు కనబడదు. ఉదయమో సాయంత్రమో పక్కనుంచి పడే వెలుగులో ప్రతి రేఖకూ ఒక నీడ అంటి, ఉబ్బెత్తు తెలుస్తుంది. నక్షాలు గీయడంలో, కొలతలు తీయడంలో తర్ఫీదు పొందినవానికి ఈ వివేకం వృత్తిలో భాగమే.

ఇక్కడ పోషకునికి కావలసింది వివరం, కొలత, స్పష్టత. కట్టడం దగ్గర నిలబెట్టిన మనిషి ఎత్తు తెలపడానికి కొలబద్దలా ఉపకరిస్తాడు. అతని పేరు గాని వృత్తి గాని శీర్షికకు అక్కరలేదు. రాతి మీది రేఖ కోసం సూర్యుని గమనాన్ని కనిపెట్టుకొని ఉన్న చిత్రకారునికి, పక్కన నిలిచిన మనిషి ముఖం చీకటిగా పడినా పని చెడలేదు. ఏది ప్రధానమో పోషకుని అవసరం నిర్ణయించింది, వెలుగు ఆ నిర్ణయాన్ని అమలు చేసింది.

ఆస్థానం: మెత్తని వెలుగు, నిర్జనమైన మందిరాలు

స్టూడియోలో పరిస్థితి వేరు. ఆ కాలపు స్టూడియోలకు సాధారణంగా కప్పులోనూ ఒక పక్కగోడలోనూ గాజు పలకలు అమర్చి, ఎండ నేరుగా పడని ఉత్తర దిక్కు వెలుగును లోపలికి రప్పించేవారు. తెరలు లాగి, వదలి వెలుగును కావలసినంతకు తగ్గించేవారు. కూర్చున్నవారు కదలకుండా తల వెనుక ఇనుప ఆధారం ఉండేది. అమీరుల రూపచిత్రాలకు ఈ మెత్తని వెలుగు తగినది. ముఖం మీద కరకు నీడలు పడవు, జరీ అంచు మెరుస్తుంది, పతకాలు విడివిడిగా తెలుస్తాయి. హోదాను చదవడానికి కావలసిన గుర్తులన్నీ స్పష్టంగా ఉంటాయి.

మహళ్ళ లోపలి భాగాలు చిత్రించడం మరింత కష్టం. మెగ్నీషియం పొడి మండించి క్షణిక కాంతి పుట్టించే పద్ధతి 1887లో జర్మనీలో వెలువడింది. కాని పొగ, మంటల ప్రమాదం వలన విలువైన తెరలు, తివాచీలు ఉన్న చోట అది ఏమంత అనువైనది కాదు. కిటికీల వెలుగును నమ్ముకొంటే పలకను చాలాసేపు తెరచి ఉంచవలసి వస్తుంది. అంతసేపు కదలక నిలిచేవి స్తంభాలు, అద్దాలు, షాండ్లియర్లు మాత్రమే. మధ్యలో నడిచి వెళ్ళిన మనిషి పలక మీద మసకగా మిగులుతాడు, లేదా పూర్తిగా మాయమవుతాడు. ఫలక్‌నుమా, బషీర్‌బాగ్ వంటి మందిరాల లోపలి చిత్రాలలో చాలావాటిలో మనుషులు కనిపించరు. దానికి సాంకేతిక కారణం ఇది. అయితే ఆ నిర్జనత పోషకునికి కూడా ఇష్టమే. షాండ్లియర్లు తుడిచినవారు, తివాచీలు పరిచినవారు లేకుండా, వైభవం దానంతటదే వెలసినట్టు చిత్రం సాక్ష్యం చెబుతుంది. నాటి మహళ్ళను గురించి రాసేవారు ఆ ఖాళీని వాస్తవంగా కాక, చిత్రణ పద్ధతీ పోషకుని అభిరుచీ కలిసి కల్పించినదిగా గ్రహించాలి.

జనానా స్టూడియో: పరదా – ఆకాశం

1892లో హైదరాబాదులో దీన్ దయాళ్ సంస్థ స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో ప్రారంభించింది. దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించింది. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని ఎదుట పడకుండా చిత్రం తీయించుకొనే ఏర్పాటు ఇది.

సాంకేతికంగా ఇందులో ఒక వైరుధ్యం ఉంది. పరదాకు మూసిన గది కావాలి, ఛాయాచిత్రానికి తెరచిన ఆకాశం కావాలి. విద్యుద్దీపాలు లేని స్టూడియోకు సూర్యుడే దీపం. ఎత్తైన గోడలు కట్టి, వెలుగును పైనుంచి రప్పించడం ఒక్కటే రెండింటినీ పొసగించగల మార్గం. వీధికి మూసి, ఆకాశానికి తెరచిన స్థలం అది. మన మండువా లోగిళ్ళ నిర్మాణ సూత్రం కూడా ఇటువంటిదే. ఇంటి ఆడవారు బయటివారి కంట పడకుండా, ఇంట్లోకి గాలీ వెలుగూ వచ్చే ఏర్పాటు అక్కడ ఉంది.

జనానా స్టూడియో ప్రాముఖ్యం మరొకటి. ఇక్కడ వెలుగు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు సమాధానం మారింది. తెరను లాగేది స్త్రీ, పలకను తెరచేది స్త్రీ. పరదాను తొలగించకుండానే ఆ స్త్రీలు తమ రూపాన్ని తామే చూసుకోవడానికి, తమవారికి ఇచ్చుకోవడానికి ఈ ఏర్పాటు వీలు కల్పించింది. అయితే గోడ దాటి వెళ్ళిన ప్రింటు ఎవరి చేతికి చేరుతుందన్నది ఆ గోడలు నియంత్రించలేవు. అందుచేత ఈ చిత్రాలు ఆల్బముల కోసం కాక ఇళ్ళ కోసం ఉద్దేశించినవి. హైదరాబాదు స్త్రీల చరిత్రను దర్బారు ఆల్బములలో మాత్రమే వెతికేవారికి వారు లేనట్టే కనిపించడానికి ఇది ఒక కారణం. వారు లేకపోలేదు. వారి చిత్రాలు చూడదగినవారి పరిధి వేరు.

నెక్కొండ వేట, ఔరంగాబాదు కరువు: బయటి ఎండ

1902లో వైస్రాయ్ కర్జన్ హైదరాబాదు రాజ్యానికి వచ్చినప్పుడు ఓరుగల్లు ప్రాంతపు అడవులలో ఆయనకు పులివేట ఏర్పాటైంది. నెక్కొండ దగ్గర చంపిన పులి వెనుక కర్జన్ దంపతులు నిలబడిన దీన్ దయాళ్ చిత్రం సుప్రసిద్ధం. నెక్కొండ బెజవాడ వైపు వెళ్ళే నిజాం రైలు మార్గంలోని తెలుగు పల్లె. వైస్రాయ్‌నీ, కెమెరానూ, గాజు పలకల పెట్టెలనూ ఆ అడవి అంచుకు చేర్చగలిగిన మార్గం అదే.

వేట చిత్రంలో స్టూడియో మెత్తదనం లేదు. తుపాకి, మృగం, విజేత ఒకే చట్రంలో ఇమిడితే చాలు. శీర్షికలో దొరల పేర్లు, ఊరి పేరు ఉంటాయి. పొదలు కొట్టి, కేకలు వేసి పులిని తుపాకి ముందుకు తరిమి తెచ్చేవారు లేనిదే ఇటువంటి వేట సాగదు. వారు ఆ చట్రంలో లేరు. తెలంగాణలో వెట్టిచాకిరీ గురించి, అధికారుల మకాముల సందర్భంగా పల్లెలు మోసిన భారం గురించి ఆంధ్రజనసంఘం, ఆంధ్రమహాసభల కాలంలో జరిగిన ఆందోళన తెలిసినవారు ఈ చిత్రాన్ని చూసి ఆ లోటును గుర్తించకుండా ఉండలేరు. ఊరి పేరు శీర్షికకు ఎక్కింది, ఊరి జనం ఎక్కలేదు.

1899–1900 కరువు కాలంలో ఔరంగాబాదు ప్రాంతంలో నిజాం ప్రభుత్వం చేపట్టిన సహాయక పనులను కూడా ఈ సంస్థ చిత్రించింది. ఇక్కడ పోషకుడు ప్రభుత్వం, చూపవలసినది సహాయం. అంతకు ముందు 1876–78 నాటి మద్రాసు రాజధాని కరువులో, దత్తమండలాలు కూడా విలవిలలాడిన ఆ కాలంలో, సైనికాధికారి విలోబీ వాలెస్ హూపర్ తీసిన చిత్రాలు ఎముకల గూళ్ళయిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి చూపాయి. ఆ నిర్దయకు ఆయన విమర్శ కూడా ఎదుర్కొన్నాడు. దీన్ దయాళ్ చిత్రాల ఉద్దేశం దానికి భిన్నం. పని జరుగుతున్నది, అన్నం అందుతున్నది అన్న వాంగ్మూలం వాటి నుంచి ఆశించబడింది. రెంటిలోనూ కరువు బాధితుడు చిత్రం తీయించుకున్నవాడు కాడు. హూపర్ దగ్గర అతడు బాధకు నమూనా, దీన్ దయాళ్ దగ్గర పాలనకు నిదర్శనం. గుంపును ఎండలో చిత్రించేవాడు ఒక్కొక్క ముఖానికి తగినట్టు తెర లాగలేడు, నెగటివ్ మీద ఒక్కొక్క కంటికీ దిద్దుబాటు చేయడు. స్టూడియోలో రసాయనపు లోపాన్ని సరిదిద్దిన శ్రమ ఇక్కడ జరగలేదు. అందువల్ల పలకకున్న పక్షపాతం యథాతథంగా పేదవాని ముఖం మీద మిగిలింది.

చదివే పద్ధతి

అయితే ఈ చిత్రాలను పాలకుల ప్రచారంగా తోసివేయవలసిందేనా? తెలుగు సాహిత్య చరిత్రకారులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మన ప్రబంధాలు చాలావరకు రాజుల కోసం రాసినవే. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో ఆ కావ్యాలనుంచే సామాన్యుల తిండి, బట్ట, ఆటలు, పండుగలు, వర్తకం వెలికి తీశారు. కవి నాయకుని స్తుతిస్తూ, నగరాన్ని వర్ణిస్తూ, ప్రసంగవశాత్తు చెప్పిన విషయాలే ఆయనకు ఆకరాలు.

దీన్ దయాళ్ చిత్రాలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. కెమెరాకు ఒక విశేషముంది. కవి అక్కరలేనిదాన్ని వదిలివేయగలడు. గాజు పలక తన ఎదుట వెలుగు పడినదాన్నంతా, చిత్రకారుడు గమనించనిదాన్ని కూడా, పుచ్చుకుంటుంది. దర్బారు చిత్రం అంచున గుర్రం కళ్ళెం పట్టినవాడు, మెట్ల పక్క చెప్పుల వరుస, వీధి చిత్రంలో కదిలి మసకబారిన బండి అటువంటివి. ప్రధాన విషయం మీద వెలుగు ఏర్పరచినది. అంచుల మీద పడినది యాదృచ్ఛికం. సామాజిక చరిత్రకు రెండవది ఎక్కువ విలువైనది. అంచులు కత్తిరించి ముద్రించే మన ప్రచురణల అలవాటు ఈ విలువనే పోగొడుతున్నది.

ఇందుకు ఆధారాలు అందుబాటులో లేకపోలేదు. ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో ఈ సంస్థకు చెందిన 2,857 గాజు పలకల నెగటివ్‌లను సేకరించింది. దీపాలీ దేవన్, డెబొరా హటన్ 2013లో వెలువరించిన గ్రంథం ఈ స్టూడియో పనితీరును కళాచరిత్ర దృష్టితో వివరంగా చర్చించింది. తెలుగు పరిశోధకులు చేయవలసినది ఈ చిత్రాలను తెలుగు ఆకరాల పక్కన ఉంచి చదవడం. ఓరుగల్లు ప్రాంత చిత్రాలను స్థానిక కైఫీయతులతో, కౌలునామాలతో, వెట్టిని గురించిన నివేదికలతో, జనం పాటలతో, వృద్ధుల జ్ఞాపకాలతో సరిచూడాలి. చిత్రానికి శీర్షిక రాసేటప్పుడు తీయించినవారెవరు, ఏ సందర్భం అన్నవి తప్పక చేర్చాలి.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. దీన్ దయాళ్ చిత్రాలలో వెలుగు పోషకుని అవసరాన్ని బట్టి మారింది. కట్టడానికి ఏటవాలు ఎండ, అమీరుకు తెరలతో మెత్తబరచిన వెలుగు, పరదా స్త్రీకి గోడల నడుమ ఆకాశం, వేటకూ కరువుకూ బయటి ఎండ లభించాయి. నీలి కాంతికే ఎక్కువగా స్పందించే ఆనాటి పలకలు చామనఛాయ ముఖాలకు అన్యాయం చేశాయి. ఆ లోపాన్ని సవరించే శ్రమ ఖర్చు భరించగలవారికే దక్కింది. చట్రం బయట ఉన్నవారి గురించి, చట్రం అంచున అనుకోకుండా చిక్కినవారి గురించి విచారించినప్పుడే ఈ చిత్రాలు తెలుగు ప్రజల చరిత్రకు ఉపకరిస్తాయి. నెక్కొండ చిత్రాన్ని ఇకముందు ముద్రించేవారు దాని కింద కర్జన్ పేరుతోపాటు, ఆ పులిని తుపాకి ముందుకు తెచ్చినవారు ఇందులో లేరన్న ఒక్క వాక్యం చేర్చినా అది ఆ విచారణకు మంచి ఆరంభమవుతుంది.